సర్వర్ల స్వయంచాలన సాధనాల సమన్వయం: నిర్ణయం ఎవరిది, బాధ్యత ఎవరిది?

యంత్రం వచ్చిన ప్రతిసారీ కార్మికవర్గం ముందు రెండు ప్రశ్నలు నిలుస్తూ వచ్చినవి. ఈ యంత్రం ఎందరి పని తీసివేస్తుంది అన్నది మొదటి ప్రశ్న. ఈ యంత్రం దారి తప్పినప్పుడు జవాబు చెప్పవలసినవారు ఎవరు అన్నది రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్నపై మన సంఘాలు దశాబ్దాలుగా చర్చించినవి, పోరాడినవి, ఒప్పందాలు సాధించినవి. పరిశ్రమలు, రైల్వేలు, బ్యాంకులు, విద్యుత్ సంస్థలు తమ సర్వరు గదులలో స్వయంచాలన సాధనాలను ప్రవేశపెట్టుచున్న నేటి దశలో రెండవ ప్రశ్న కూడా అంతే తీవ్రతతో ముందుకు వచ్చినది.

ఒక పెద్ద సంస్థలో ఇట్టి సాధనం ఒక్కటే ఉండుట అరుదు. రెండు, మూడు రకాల సాధనాలు ఒకే సర్వర్లపై పని చేయుచుండును. వాటిని ఏ విధంగా కూర్చాలి అన్న విషయం ఇంజనీర్లకూ కాంట్రాక్టర్లకూ మాత్రమే సంబంధించినదని యాజమాన్యాలు తలచుచున్నవి. మా అభిప్రాయం వేరు. సాధనాల సమన్వయమంటే అధికారాల పంపకం. ఏ అమరికపై ఏ సాధనానికి అధికారం, ఆ సాధనంపై ఏ మనిషికి అధికారం అన్నది ముందుగా కాగితంపై తేలకపోతే నష్టం సంస్థకూ, నింద రాత్రి షిఫ్టు కార్మికునికీ మిగులుతుంది. కావున ఈ పంపకం కార్మికులతో సంప్రదించి జరుగవలెనని మేము కోరుతున్నాము.

భిలాయి-3 నుండి చూచినప్పుడు

మేము భిలాయి-3లో నివసించే తెలుగు కార్మికులము. హౌరా–ముంబాయి మార్గంపై ఉన్న ఈ ఊరికీ చరోదాకూ కలిపి ఒకే నగరపాలక సంస్థ ఉన్నది. ఇక్కడ రైల్వే మార్షలింగ్ యార్డు, విద్యుత్ ఇంజన్ల షెడ్డు ఉన్నవి. సమీపంలోనే, 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన ఉక్కు కర్మాగారం ఉన్నది. దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి వచ్చి ఈ యార్డులో, షెడ్డులో, కర్మాగారంలో చెమటోడ్చిన కుటుంబాల పిల్లలు నేడు హైదరాబాదులోను, బెంగుళూరులోను సర్వర్ల మంచిచెడ్డలు చూచే ఉద్యోగాలలో ఉన్నారు. కాబట్టి ఈ విషయం మన ఇళ్లకు దూరమైనది కాదు.

మన పని స్థలాలకూ దూరమైనది కాదు. నేడు యార్డులో ఒక గూడ్సు రేకు కదిలితే ఆ కదలిక రైల్వే సరకు రవాణా కంప్యూటరు వ్యవస్థలోకి ఎక్కవలసిందే. ఉక్కు పరిశ్రమలో కవాటాలను నడిపే నియంత్రణ యంత్రాల నుండి ఆర్డర్లు, జీతాల లెక్కలు చూచే వ్యవస్థ వరకు కంప్యూటర్లు అంతస్తులుగా అమరి ఉంటవి. ఒక అంతస్తు మరొక అంతస్తుపై ఆధారపడి ఉంటుంది.

విడివిడి వ్యవస్థలు ఒకదానిపై ఒకటి ఆధారపడినప్పుడు ఏమి జరుగగలదో ఈ ప్రాంతానికి ఎవరూ కొత్తగా బోధించనక్కరలేదు. 2014 జూన్ 12న భిలాయి ఉక్కు కర్మాగారంలో పంపుహౌసు వద్ద నీటి పీడనం పడిపోగా, విషవాయువు వెలికివచ్చి 6 గురు మరణించారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. నీటి వ్యవస్థలోని అంతరాయం గ్యాసు వ్యవస్థలో మృత్యువైనది. సర్వరు గదిలోని పొరపాటును ఆ విషాదంతో సమానం చేయుట మా ఉద్దేశం కాదు. ఒక వ్యవస్థలోని లోపం మరొక వ్యవస్థలో బయటపడుతుందన్న పాఠాన్ని మాత్రం మనం మరువరాదు.

ఈ సాధనాలు చేయు పని

ఒక సర్వరును పనికి సిద్ధం చేయుటకు చాలా విషయాలు అమర్చవలసి ఉంటుంది. దానిపై ఏ ప్రోగ్రాములుండాలి, ఏ ఫైలులో ఏ విలువలుండాలి, ఎవరికి ప్రవేశముండాలి, బయటి నుండి వచ్చే ఏ ద్వారాలు మూసి ఉండాలి, గడియారం ఎక్కడి నుండి సమయం తీసుకోవాలి మొదలైనవి నిర్ణయించాలి. 10 సర్వర్లున్నప్పుడు ఈ పని చేతితో చేయవచ్చు. 500 ఉన్నప్పుడు చేతితో చేసిన అమరికలలో తేడాలు పుట్టక మానవు. ఆ తేడాలు నెలల తరబడి కనబడకుండా ఉండి ఒకనాడు బయటపడతవి.

ఈ చిక్కుకు పరిష్కారంగా 1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్జెస్ సి.ఎఫ్.ఇంజన్ అనే సాధనాన్ని తయారు చేశారు. తరువాత 2005లో పప్పెట్, 2009లో షెఫ్, 2011లో సాల్ట్, 2012లో యాన్సిబుల్ వచ్చినవి. 2014లో వచ్చిన టెర్రాఫారమ్ పని కొంత వేరు. అది సర్వర్లను, వాటి మధ్య నెట్‌వర్కును అద్దె కంప్యూటరు కేంద్రాలలో సృష్టిస్తుంది. సృష్టి అయిన సర్వరు లోపలి అమరికలు చూచుట మిగిలిన సాధనాల వంతు.

వీటన్నిటి వెనుక ఉన్న భావన రైలు పట్టాలపై పని చేసినవారికి సులభంగా బోధపడుతుంది. బ్రాడ్ గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు ఉండాలన్నది నియమం. గ్యాంగ్‌మన్ గేజి పట్టి చూస్తాడు. సరిగా ఉంటే ముందుకు సాగుతాడు, తేడా ఉంటే సరిచేస్తాడు. ఒకే చోట పదిసార్లు చూచినా పట్టా చెడదు. ఈ సాధనాలు కూడా అట్లే పని చేయవలెనని వాటి నిర్మాతల ఉద్దేశం. "సర్వరు ఇట్లు ఉండాలి" అని ముందుగా వ్రాసి పెడతారు. సాధనం వెళ్లి చూచి, తేడా ఉన్నచోట మాత్రమే చేయి పెడుతుంది.

ఇందులో మేలు ఉన్నదని మేము నిస్సంకోచంగా అంగీకరిస్తున్నాము. అర్ధరాత్రి 300 సర్వర్లలోకి ఒక్కొక్కదానిలోకి ప్రవేశించి ఒకే పంక్తిని మార్చుట మనిషికి తగిన పని కాదు. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో వ్రాతపూర్వకంగా నిలుచుట కార్మికునికి రక్షణ కూడా.

రెండు రకాల బ్రేకులు

చిక్కు వేరొక చోట ఉన్నది. ఈ సాధనాలు పని చేసే పద్ధతులు ఒకటి కావు. పప్పెట్ పద్ధతిలో ప్రతి సర్వరుపైన ఒక ఏజెంటు ప్రోగ్రాము కూర్చుని ఉంటుంది. మార్చకుండా విడిచినచో అది ప్రతి 30 నిమిషాలకు ఒకసారి కేంద్ర సర్వరును అడిగి, తన సర్వరు ఎట్లుండాలో తెలుసుకొని సరిచేస్తుంది. యాన్సిబుల్ పద్ధతిలో సర్వరుపై ఏజెంటు ఉండదు. ఒక కేంద్రం నుండి మనిషి ఆజ్ఞ ఇచ్చినప్పుడు అది సర్వర్లలోకి ప్రవేశించి, వరుస క్రమంలో పని చేసి వెళ్లిపోతుంది. మొదటిది లాగుకొనే పద్ధతి, రెండవది నెట్టే పద్ధతి.

మన యార్డులోని పెద్దలు దీనికి సమానమైన కాలాన్ని చూచి ఉన్నారు. వాక్యూమ్ బ్రేకు గొట్టంలో గాలిని తీసివేసి ఉంచితే బ్రేకు వదులుగా ఉంటుంది. గాలి చొరబడితే బ్రేకు పడుతుంది. ఎయిర్ బ్రేకు గొట్టంలో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనం నింపి ఉంచితే బ్రేకు వదులుగా ఉంటుంది. పీడనం తగ్గితే పడుతుంది. రెండింటి లక్ష్యం బండిని ఆపుటయే, కాని సూత్రాలు పరస్పర విరుద్ధాలు. 1980ల ఆరంభంలో ఎయిర్ బ్రేకు గల బాక్స్-ఎన్ వ్యాగన్లు వచ్చిన తరువాత చాలా ఏళ్ల పాటు రెండు రకాల వ్యాగన్లూ వాడుకలో ఉండినవి. ఆ కాలాన్ని రైల్వేలు రేకులను వేరు వేరుగా కూర్చి, రెండు బ్రేకులూ గల ఇంజన్లను నడిపి గడిపినవి. గొట్టాలు చూచుటకు ఒకే విధంగా ఉన్నవి కదా అని ఎవరూ ఒకదానికొకటి తగిలించలేదు.

సర్వరు గదిలో మాత్రం అట్టి తగిలింపు నిత్యం జరుగుచున్నది. ఒక ఉదాహరణ తీసుకొందాము. ఒక విభాగం పప్పెట్ ద్వారా, మరొక విభాగం యాన్సిబుల్ ద్వారా ఒకే సర్వరును చూచుకొంటున్నవనుకొనుడు. రాత్రి 2 గంటలకు ఒక కార్మికుడు పై నుండి వచ్చిన ఆదేశం ప్రకారం యాన్సిబుల్‌తో ఒక నెట్‌వర్కు ద్వారాన్ని తెరుస్తాడు. పని పూర్తయినట్లు తెర చూపుతుంది. అరగంట లోపల పప్పెట్ ఏజెంటు మేల్కొని, తన వ్రాతలో ఆ ద్వారం మూసి ఉండాలని ఉన్నది గనుక మూసివేస్తుంది. దాని నివేదిక కూడా పని పూర్తయినట్లే చెబుతుంది. రెండు నివేదికలూ నిజమే. సర్వరు మాత్రం పని చేయదు. తెల్లవారి విచారణ జరిగినప్పుడు ఆ రాత్రి చేయి పెట్టిన మనిషి పేరు చిట్టాలో స్పష్టంగా ఉంటుంది. రెండు సాధనాలకూ ఒకే అమరికపై అధికారమిచ్చిన వారి పేరు ఏ చిట్టాలోనూ ఉండదు.

ఒకే సాధనాన్ని నమ్ముకొన్నచో

దీనికి యాజమాన్యాలు చెప్పే సులభ పరిష్కారం ఒకటి ఉన్నది. "ఒకే సాధనాన్ని ఎన్నుకొని మిగిలిన వాటిని తీసివేద్దాము" అంటారు. వినుటకు సబబుగానే ఉన్నది. అయితే ఈ సాధనాల చరిత్రను కొంచెం పరిశీలించవలెను.

వీటిలో చాలా వరకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుగా పుట్టినవి. ప్రపంచమంతటా వేలాదిమంది సాంకేతిక కార్మికులు తమ శ్రమను ఉచితంగా అందించి వాటిని పెంచారు. తరువాత ఒక్కొక్కటి పెద్ద సంస్థల చేతిలోకి పోయినది. యాన్సిబుల్‌ను 2015లో రెడ్ హ్యాట్ కొన్నది. ఆ రెడ్ హ్యాట్‌ను 2019లో ఐ.బి.ఎం. కొన్నది. షెఫ్ 2020లో ప్రోగ్రెస్ సంస్థకు, పప్పెట్ 2022లో పెర్ఫోర్స్ సంస్థకు చెందినవి. సాల్ట్ 2020లో వి.ఎం.వేర్‌కు చేరినది. ఆ వి.ఎం.వేర్‌ను 2023లో బ్రాడ్‌కామ్ కొన్నది. టెర్రాఫారమ్‌ను తయారు చేసిన హాషికార్ప్ 2023 ఆగస్టులో లైసెన్సు షరతులను బిగించగా, దానిని ఒప్పని వారు పాత షరతులలో ఉన్న ప్రతి నుండి ఓపెన్‌టోఫు అనే శాఖను వేరుగా నడుపుచున్నారు. 2025లో హాషికార్ప్ కూడా ఐ.బి.ఎం. అధీనమైనది. పప్పెట్ నుండి కూడా వినియోగదారుల సమూహం 2025లో ఓపెన్‌వాక్స్ అనే శాఖను విడుదల చేసినది.

ఇట్టి పరిస్థితిలో ఒకే సాధనానికి సంస్థ మొత్తాన్ని కట్టివేయుట, ఒకే వ్యాపారి గుమ్మానికి కట్టివేయుటయే అగును. అంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. తీసివేసిన సాధనంతో పాటు దానిని ఎరిగిన కార్మికులను కూడా తీసివేయుట పరిపాటి అయినది. ఒక టెండరులో ఒక కాంట్రాక్టరు ఒక సాధనాన్ని తెస్తాడు. మూడేళ్ల తరువాత మరొక కాంట్రాక్టరు మరొక సాధనంతో వస్తాడు. పాత కార్మికుని నైపుణ్యం ఒక్కరోజులో చెల్లని నాణెం అవుతుంది. అతడు ఎరిగిన విషయాలు కాగితంపై లేవు గనుక సంస్థ కూడా నష్టపోతుంది. కావున వేరు వేరు సాధనాలు కొంతకాలం కలిసి ఉండుట అనివార్యమని గుర్తించి, ఆ కలయికకు క్రమాన్ని ఏర్పరచుట మేలు.

మూడు అనుభవాలు

క్రమం లేనప్పుడు ఏమి జరుగుతుందో చూపుటకు రెండు, క్రమం ఉన్నప్పుడు ఏమి సాధించవచ్చునో చూపుటకు ఒకటి, మూడు అనుభవాలను ఇక్కడ పేర్కొంటున్నాము.

మొదటిది అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే వాటాల వ్యాపార సంస్థది. 2012లో ఆ సంస్థ 8 సర్వర్లపై కొత్త ప్రోగ్రామును పెట్టవలసి ఉండగా 7 సర్వర్లపై మాత్రమే అది పడినది. ఎనిమిదవ సర్వరుపై పాత ప్రోగ్రాము మిగిలిపోయినది. ఆగస్టు 1న మార్కెటు తెరిచిన 45 నిమిషాలలో సంస్థకు 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చినది. మార్కెటు తెరువక ముందే దోషాన్ని సూచించే 97 ఈ-మెయిళ్లు ఆ వ్యవస్థ నుండి సిబ్బందికి వెళ్లినవి. కాని వాటిని హెచ్చరికలుగా చూచే ఏర్పాటు లేదు. 2013లో అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ జరిపిన విచారణ ఏమి తేల్చినది? ఒక సాంకేతిక నిపుణుడు చేసిన పనిని రెండవవాడు సరిచూడలేదనీ, అట్లు సరిచూడవలెనన్న వ్రాతపూర్వక నియమమే ఆ సంస్థలో లేదనీ తేల్చినది. అనగా లోపం ఆ ఒక్క మనిషితో ముగియలేదు. రెండవ మనిషిని నియమించని పద్ధతిలో ఉన్నది.

రెండవది 2024 జూలై 19 నాటిది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ దోషయుక్తమైన ఒక ఫైలును తన వినియోగదారుల విండోస్ యంత్రాలకు దాదాపు ఒకేసారి పంపగా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు కూలిపోయినవి. విమానాశ్రయాలు, ఆసుపత్రులు, బ్యాంకులు స్తంభించినవి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. ఒక్క క్షణంలో స్వయంచాలనం పడవేసిన ఆ యంత్రాలలో చాలా వాటిని మనుషులే ఒక్కొక్కదాని వద్దకు పోయి, చేతితో లేపవలసి వచ్చినది. కొద్ది యంత్రాలపై ముందు పరీక్షించి, క్రమంగా విస్తరించి ఉంటే ఈ నష్టంలో ఎక్కువ భాగం తప్పేది. తదుపరి అంచెలవారీగా పంపే పద్ధతిని అవలంబిస్తామని ఆ సంస్థ కూడా ప్రకటించినది.

మూడవది మన రైల్వేలది. రిజర్వేషన్ కంప్యూటరీకరణ 1985లో ఢిల్లీలో మొదలైనది. తరువాత ముంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రాలకు విస్తరించినది. చాలాకాలం ఈ 5 కేంద్రాలు ఐదు దీవుల వలె ఉండినవి. వాటిని కలుపుటకు 1986లో స్థాపితమైన రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం కాన్సర్ట్ అనే ప్రోగ్రామును తయారు చేసి 1994లో ముందుగా సికింద్రాబాదులో ప్రవేశపెట్టినది. ఒకచోట నిలిచిన తరువాతనే మిగిలిన చోట్లకు తీసుకొనిపోయి, 1999 నాటికి ఐదింటినీ ఒకే వలయంగా కలిపినది. ఇది సర్వర్లను అమర్చే సాధనాల కథ కాదు. అయినా సమన్వయానికి మార్గదర్శకం. ఐదు కేంద్రాలను రద్దు చేసి ఒకటి చేయలేదు. ప్రతి కేంద్రం తన పరిధిలోని బండ్ల లెక్కకు తాను అధికారిగా ఉండి, మిగిలిన వాటితో ఒకే భాషలో మాట్లాడే ఏర్పాటు జరిగినది.

సమన్వయానికి ఉండవలసిన క్రమం

ఈ అనుభవాలను బట్టి సాధనాల కలయికకు కొన్ని నియమాలు తేలుచున్నవి. ఇవి యార్డులోను, సిగ్నలు క్యాబిన్‌లోను మనకు పరిచితమైనవే.

మొదటి నియమం: ఒక పాయింటుకు ఒకే లివరు. క్యాబిన్‌లో ఒక పాయింటును రెండు లివర్లు తిప్పగలిగితే ప్రమాదం తప్పదు. అందువలననే ఇంటర్‌లాకింగ్ వచ్చినది. సర్వరుపై కూడా ఒక్కొక్క అమరికకు ఒకే సాధనం అధికారిగా ఉండవలెను. ఉదాహరణకు సర్వరును పుట్టించుట టెర్రాఫారమ్‌కు, నిత్యం మారకుండా ఉండవలసిన భద్రతా అమరికలు, ప్రవేశాధికారాలు పప్పెట్‌కు, వరుసక్రమంలో జరుగవలసిన పనులు, కొత్త ప్రోగ్రాముల ప్రవేశం యాన్సిబుల్‌కు అప్పగించవచ్చు. ఈ విభజన మరొక విధంగా కూడా ఉండవచ్చు. ఏదైనా సరే, హద్దు వ్రాసి ఉండాలి.

రెండవ నియమం: సర్వర్ల పట్టిక ఒకటే ఉండాలి. ఏ సర్వరు ఎక్కడున్నది, దేనికి ఉన్నది, ఎవరి ఆధీనంలో ఉన్నది అన్న లెక్క ప్రతి సాధనంలోనూ వేరు వేరుగా ఉంటే కొంతకాలానికి ఏ లెక్కా నిజం కాదు. అన్ని సాధనాలూ ఒకే పట్టిక నుండి చదువుకొనే ఏర్పాటు చేయవచ్చు.

మూడవ నియమం: టోకెను చేతిలో లేనిదే సెక్షనులోకి ప్రవేశం లేదు. ఒంటి లైనుపై డ్రైవరుకు టోకెను గోళం ఎట్టిదో, టెర్రాఫారమ్ వంటి సాధనాలలో ఉన్న తాళం ఏర్పాటు అట్టిది. ఒకరు మార్పు చేయుచుండగా మరొకరు ప్రవేశించకుండా అది ఆపుతుంది. ఆ తాళాన్ని తొందరలో బలవంతంగా విప్పమని పై అధికారి నోటిమాటగా ఆదేశించరాదు.

నాల్గవ నియమం: ముందు చూచుట, తరువాత చేయుట. పప్పెట్‌లో నోప్ అనీ, యాన్సిబుల్‌లో చెక్ అనీ ఒక విధానమున్నది. దానితో సాధనం ఏమి మార్చబోవునో చెబుతుంది గాని మార్చదు. అది చెప్పునది ప్రతిసారీ సంపూర్ణమని నమ్మరాదు. కాబట్టి పరీక్షకు వేరే సర్వర్లుండాలి. అటుపై ఒక సర్వరు, తరువాత పది, ఆ తరువాతనే మిగిలినవి. ఈ అంచెలను నడుపుటకు సాధనాలనే కలుపవచ్చు. యాన్సిబుల్ ఒక్కొక్క సర్వరు వద్దకు పోయి పప్పెట్ ఏజెంటును నడిపించి, ఫలితం చూచి, మరొకదానికి పోవునట్లు చేయవచ్చు. అప్పుడు రెండు సాధనాల మధ్య పోటీ ఉండదు.

ఐదవ నియమం: రెండవ జత కళ్లు. సాధనాలకు ఇచ్చే వ్రాతలన్నీ గిట్ వంటి ఒకే భాండాగారంలో ఉండి, ఒకరు వ్రాసినది మరొకరు చదివి ఒప్పినప్పుడే అమలు కావలెను. నైట్ క్యాపిటల్ నేర్పిన పాఠం ఇదే. ఈ నియమానికి ఇద్దరు మనుషులు కావలెనన్న సంగతిని యాజమాన్యాలు గ్రహించవలెను. ఒక్క మనిషితో షిఫ్టు నడిపి రెండు సంతకాలు అడుగుట వంచన.

ఆరవ నియమం: ఎర్రజెండా కార్మికుని చేతిలో ఉండాలి. పప్పెట్ ఏజెంటును ఒక సర్వరుపై కారణం వ్రాసి నిలిపివేసే సదుపాయం ఆ సాధనంలోనే ఉన్నది. సదుపాయముండుట చాలదు. దానిని వాడిన కార్మికుడు మరునాడు శిక్షకు గురికాడన్న హామీ కూడా ఉండాలి. పట్టాలో పగులు చూచి బండిని ఆపిన గ్యాంగ్‌మన్‌ను ఆలస్యానికి బాధ్యుని చేయరు గదా!

సంఘాలు కొత్తగా అడుగునది కాదు

సాంకేతిక మార్పు రూపం గురించి మాట్లాడుట సంఘాల పని కాదనే వారికి ఈ ప్రాంత చరిత్రే జవాబు. భిలాయి కర్మాగారానికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరా గనులలో యంత్రీకరణ సమస్య వచ్చినప్పుడు, 1977లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రమిక్ సంఘ్, శంకర్ గుహా నియోగీ నాయకత్వాన యంత్రాలు వద్దని ఊరుకోలేదు. ఏ పని యంత్రంతో, ఏ పని మనుషులతో జరుగవచ్చునో లెక్కలతో చూపి, అర్ధ యంత్రీకరణ అనే ప్రత్యామ్నాయాన్ని యాజమాన్యం ముందుంచినది. సరిహద్దు ఎక్కడ గీయాలో చర్చించినది. ఆ సంఘంతో మన సంఘాలకు ఏ విషయంలో ఏకీభావమున్నా లేకున్నా, ఆ పద్ధతి నేర్చుకొనదగినది.

బ్యాంకు ఉద్యోగ సంఘాలు 1983 సెప్టెంబరు 8న భారతీయ బ్యాంకుల సంఘంతో కుదుర్చుకొన్న ఒప్పందంలో ఏ రకం యంత్రాలు ఏ మేరకు రావచ్చునో షరతులతో వ్రాయించినవి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కూడా, ఉద్యోగాల తగ్గింపునకు దారి తీయగల సాంకేతిక మార్పులకు ముందస్తు నోటీసు ఇవ్వవలెనని 9-ఎ సెక్షనులో విధించినది. మార్పు నోటీసు అనే ఈ సూత్రం 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోను చేర్చబడినది. సర్వరు గదిలో ఒక సాధనానికి బదులు మరొకటి తెచ్చి మనుషులను తగ్గించుట యంత్ర మార్పు కాదని వాదించుట నిలువదు.

రెండు ఆక్షేపణలు

ఇన్ని నియమాలు పెడితే పని నెమ్మదిస్తుందని యాజమాన్యాలు అనవచ్చు. ఒక్కొక్క మార్పు కొంత ఆలస్యమగును, నిజమే. అయితే ఒక రాత్రి కూలిన వ్యవస్థను లేపుటకు పట్టే కాలాన్ని కూడా అదే లెక్కలో వేయవలెను. సిగ్నలు కోసం ఆగిన ప్రతి బండీ ఆలస్యమే. అందుకని సిగ్నళ్లను పీకివేయరు.

మన సోదరులలో కొందరు మరొక విధంగా అంటారు. "ఈ సాధనాలు చివరకు మన ఉద్యోగాలనే మింగేవి. వాటిని చక్కగా నడుపుటకు మనమెందుకు తోడ్పడాలి?" ఈ భయానికి ఆధారం లేకపోలేదు. కాని తెలియని సాధనాన్ని ఎవరూ అదుపు చేయలేరు. సాధనాల హద్దులు, వాటి లోపాలు ఎరిగిన కార్మికుడే తన స్థానాన్ని నిరూపించుకొనగలడు. ఎరుగనివాని తరఫున సంఘం చర్చల బల్ల వద్ద కూర్చున్నప్పుడు యాజమాన్యం చెప్పినదే వినవలసి వస్తుంది.

మన కోర్కెలు

ఈ కారణాల వలన ఏ సంస్థలోనైనా సర్వర్ల స్వయంచాలన సాధనాలను కలిపే ముందు ఈ క్రింది విషయాలు ఒప్పందంలో చేర్చవలెనని మేము సమాఖ్య ద్వారా కోరుతున్నాము.

1. ఏ అమరికపై ఏ సాధనానికి అధికారమున్నదో తెలుపు పత్రం తయారు చేసి, దానిపై నిర్ణయం తీసుకొన్న అధికారి సంతకం చేయవలెను. దాని ప్రతి షిఫ్టులోని ప్రతి కార్మికునికీ అందుబాటులో ఉండవలెను.

2. సాధనం మారినప్పుడు పాత సాధనాన్ని ఎరిగిన కార్మికులకు, కాంట్రాక్టు కార్మికులతో సహా, పని గంటలలోనే జీతంతో శిక్షణ ఇవ్వవలెను. ఆ మార్పు పేరున ఎవరినీ తొలగించరాదు.

3. సాధనాలకు ఇచ్చిన వ్రాతలన్నీ సంస్థ సొత్తుగా సంస్థ భాండాగారంలోనే ఉండవలెను. కాంట్రాక్టరు మారినప్పుడు అవి అతని వెంట పోరాదు.

4. ఉత్పత్తికి సంబంధించిన సర్వర్లపై మార్పు చేసే ప్రతి షిఫ్టులో కనీసం ఇద్దరు అర్హులైన కార్మికులుండవలెను.

5. అనుమానం కలిగినప్పుడు కారణం వ్రాసి స్వయంచాలనాన్ని నిలిపే హక్కు కార్మికునికి ఉండవలెను. ఆ కారణంగా శిక్ష ఉండరాదు.

6. ప్రమాదం జరిగినప్పుడు విచారణ ఆ రాత్రి చేయి పెట్టిన మనిషితో ఆగిపోక, అధికారాల పంపకం ఎట్లు జరిగినదో కూడా పరిశీలించవలెను. విచారణలో సంఘ ప్రతినిధికి స్థానముండవలెను.

ఈ కోర్కెలలో యంత్రాన్ని కాదన్నది ఒక్కటీ లేదు. సాధనాలు ఎన్నయినా ఉండవచ్చు, కలిసి పనిచేయవచ్చు. ప్రతి సాధనం వెనుక ఒక మనిషి నిర్ణయమున్నదనీ, ఆ నిర్ణయానికి ఒక సంతకముండవలెననీ మాత్రమే మేము అంటున్నాము. సర్వరు గదులలో పని చేసే సోదర సోదరీమణులు తమ సంస్థలో ఈ పంపకం ఎట్లున్నదో వెంటనే విచారించి, పైన చెప్పిన పత్రం ఉన్నదో లేదో తమ శాఖా సంఘానికి తెలియజేయవలెనని విజ్ఞప్తి చేయుచున్నాము. పత్రం లేని చోట మొదటి కోర్కెతోనే చర్చలు ప్రారంభింతము.